ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి నిలిచే రంగు: విప్పడం నుంచి కాల్చడం దాకా

పాత కారు బానెట్ ఎత్తితే ముందుగా కంట్లో పడేది ఎగ్జాస్ట్ మానిఫోల్డే, అంటే సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒక్క గొట్టంలోకి చేర్చే భాగం. ఇంజిన్ అంతా కడిగి, వాల్వ్ కవర్‌కి కొత్త రంగు కొట్టి, వైర్లన్నీ సర్దినా, పక్కనే ఎర్రగా చిలుము పట్టిన పోత ఇనుప ముక్క వేలాడుతుంటే చేసిన పనంతా వెలవెలబోతుంది. దానికీ ఒక రంగు కొట్టేద్దామని మామూలు ఎనామెల్ డబ్బా తెచ్చి వేస్తే మొదటి రోజే పొగ లేస్తుంది, వారంలో పెచ్చులు రాలతాయి. ఇంజిన్ పెయింట్ అని అమ్మే వాటిలోనూ చాలా రకాలు 250, 260 డిగ్రీలకు మించి తట్టుకోలేవు. అవి బ్లాక్‌కి, ఆయిల్ సంప్‌కి పనికొస్తాయి గానీ మానిఫోల్డ్‌కి కాదు.

చాలామంది ఏ కంపెనీ డబ్బా కొనాలన్న దగ్గరే ఆగిపోతారు. కానీ మానిఫోల్డ్ మీద రంగు నిలవడం, నిలవకపోవడం ఎక్కువగా తేలేది రంగు వేయకముందు చేసే శుభ్రంలో, వేశాక కాల్చే పద్ధతిలో. ఖరీదైన రంగు నూనె మీద వేస్తే ఊడుతుంది. మామూలు సిలికాన్ అల్యూమినియం రంగు శుభ్రమైన ఇనుము మీద వేసి సరిగ్గా కాలిస్తే ఏళ్ల తరబడి ఉంటుంది.

ఈ పని ఏ బండికి

అంబాసిడర్, పద్మిని, కాంటెసా, పాత జీపు, కార్బురేటర్ మారుతి 800 లాంటి వాటికి, లేదా పోత మానిఫోల్డ్‌కి బదులు స్టీల్ పైపులతో చేసిన హెడర్లు బిగించిన బండికి ఈ శ్రమ పడొచ్చు. ఇప్పటి కార్లలో మానిఫోల్డ్ మీద రేకు షీల్డ్ ఉంటుంది. దాన్ని తీస్తే తప్ప మానిఫోల్డ్ కనిపించదు, తీసి తిరగడమూ మంచిది కాదు. చాలా బీఎస్-6 బండ్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మానిఫోల్డ్‌కే అతుక్కుని ఉంటుంది. ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ లాంటి ఇంజిన్లలోనైతే మానిఫోల్డ్ విడిగా ఉండనే ఉండదు, సిలిండర్ హెడ్‌తో కలిపి పోత పోసేశారు. అలాంటి బండ్ల జోలికి అందం కోసం వెళ్లకండి.

వేడి ఎంతో ముందు తెలియాలి

పెట్రోల్ ఇంజిన్‌ని పూర్తిగా తొక్కి నడిపితే లోపలి పొగ వేడి 800 నుంచి 900 డిగ్రీల దాకా వెళ్తుంది. డీజిల్‌లో అంతకంటే తక్కువ. బయటి ఉపరితలం లోపలంత వేడెక్కదు. ఊళ్లో నిదానంగా తిరిగే బండికి మానిఫోల్డ్ పైభాగం 300, 400 డిగ్రీల దగ్గర తచ్చాడుతుంది. నలుగుర్ని ఎక్కించుకుని అరకు ఘాట్ ఎక్కితే 500 దాటినా ఆశ్చర్యం లేదు. టర్బో పెట్రోల్ బండ్ల లెక్క వేరు, అవి ఇంకా పైకి పోతాయి.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. దాదాపు ఏ ఘన పదార్థమైనా సుమారు 525 డిగ్రీల దగ్గర కంటికి కనిపించేలా మసకగా ఎర్రబడటం మొదలెడుతుంది. బాగా తొక్కి నడిపిన బండిని చీకట్లో ఆపి, వెంటనే బానెట్ ఎత్తి చూడండి. ఎర్రటి ఛాయ కనిపిస్తే 600 డిగ్రీల రంగు మీకు అంచు మీద ఉన్నట్టే. తుపాకీలా గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడేవాళ్లకు ఒక మాట: మెరిసే స్టీల్ మీద, క్రోమ్ మీద అది ఉన్నదానికంటే చాలా తక్కువ చూపిస్తుంది. పైపు మీద రూపాయి బిళ్లంత మేర మెరుపులేని నలుపు హీట్ పెయింట్ వేసి, ఆ చుక్క మీద గురిపెడితే నమ్మదగిన అంకె వస్తుంది.

వేడి మరీ ఎక్కువగా ఉంటే రంగు కంటే ముందు ఇంజిన్‌ని చూడండి. ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగినా, పెట్రోల్ మిశ్రమం పలచబడినా మానిఫోల్డ్ మామూలు కంటే ఎక్కువ కాలుతుంది. టైమింగ్ సరిచేయకుండా రంగు మీద రంగు వేస్తూ పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఏ పూత ఎంచుకోవాలి

ఇంట్లో చేసుకోగలిగింది సిలికాన్ రెసిన్ రంగు. మామూలు రంగుల్లో బంక పదార్థం వేడికి కాలి బూడిదైపోతుంది. సిలికాన్ రెసిన్‌లో కాలేది కొంత భాగమే. మిగిలిన సిలికాన్-ఆక్సిజన్ అల్లిక గాజులాంటి పొరగా గట్టిపడి, రంగు పొడిని లోహానికి పట్టి ఉంచుతుంది. ఈ మార్పు వేడి తగిలితేనే జరుగుతుంది. అందుకే డబ్బా నుంచి కొట్టి ఆరబెట్టిన హీట్ పెయింట్ గోరుతో గీకినా వస్తుంది. అది నకిలీ సరుకని కంగారు పడకండి, ఇంకా కాల్చలేదంతే.

ఈ రకంలో అన్నిటికంటే గట్టిది అల్యూమినియం వెండి రంగు. అందులోని అల్యూమినియం రేకులు బాగా వేడెక్కినప్పుడు కింది ఇనుముతో కలిసిపోతాయి. ఆ తర్వాత నలుపు, బూడిద, ఐరన్ ఆక్సైడ్ ఎరుపు. తెలుపు వేస్తే నాలుగు రోజులు ముచ్చటగా ఉంటుంది, ఆపైన ఒక్క ఆయిల్ చుక్క పడితే గోధుమ రంగు మచ్చ కాలి కూర్చుంటుంది. మెరిసే పసుపు, నారింజ లాంటివి పోర్టుల దగ్గర, అంటే ఇంజిన్ నుంచి పొగ మానిఫోల్డ్‌లోకి వచ్చే రంధ్రాల దగ్గర, ముందు నల్లబడతాయి. నన్నడిగితే పాత కారుకి పోత ఇనుము బూడిద రంగును మించింది లేదు. రంగు వేసినట్టే తెలియదు, ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన ముక్కలా ఉంటుంది.

కొనేటప్పుడు డబ్బా మీద అంకెను కాస్త నిదానంగా చదవండి. స్ప్రే డబ్బాల మీద 1200 అని పెద్దక్షరాల్లో ఉంటుంది, పక్కన ఫారెన్‌హీట్ గుర్తు చీమ తలంత ఉంటుంది. 1200 ఫారెన్‌హీట్ అంటే మనకు 650 డిగ్రీల సెల్సియస్. ఆ అంకె నిరంతరం తట్టుకునే వేడా, కాసేపు తట్టుకునే వేడా అన్నది కూడా వెనకవైపు రాసి ఉంటుంది. బాయిలర్ గొట్టాలకు వాడే హీట్ రెసిస్టెంట్ అల్యూమినియం పెయింట్ ఇండస్ట్రియల్ పెయింట్ షాపుల్లో టిన్నుల్లో దొరుకుతుంది. 200, 400, 600 డిగ్రీల రకాలుంటాయి. మానిఫోల్డ్‌కి 600 రకమే అడిగి తీసుకోండి.

దీని పైమెట్టు సిరామిక్ కోటింగ్. సెరాకోట్ సి-సిరీస్ లాంటివి స్ప్రే గన్‌తో చాలా పలచగా, సుమారు 25 మైక్రాన్ల మందంలో వేస్తారు. అవి గాలికే గట్టిపడతాయి, ఓవెన్ అక్కర్లేదు. శాండ్ బ్లాస్టింగ్ (గరుకు పొడిని గాలి ఒత్తిడితో చిమ్మి లోహాన్ని శుభ్రం చేయడం) మాత్రం తప్పనిసరి. వేయడం అలవాటున్నవాళ్ల చేత చేయించుకోవడమే మేలు. రేసు కార్లకు వేసే ప్లాస్మా స్ప్రే జిర్కోనియా పూత ఇంకో లోకం. ఇంగ్లండ్‌లోని జిర్కోటెక్ అణుశక్తి పరిశోధన నుంచి పుట్టిన పద్ధతిని కార్లకు తెచ్చింది. అందులో పింగాణీ పొడిని ప్లాస్మా మంటలో కరిగించి లోహం మీదికి చిమ్ముతారు. అది అందం కోసం కాదు, వేడిని పైపులోనే ఆపడం కోసం.

అందం మాటకొస్తే జాగ్వార్‌ని తలచుకోవాలి. 1948లో ఎక్స్‌కే 120తో వచ్చిన ఆరు సిలిండర్ల ఎక్స్‌కే ఇంజిన్‌కి, తర్వాత ఇ-టైప్‌కి, మానిఫోల్డ్‌ల మీద నల్లటి గాజు ఎనామెల్ ఉండేది. మన ఇళ్లలో ఎనామెల్ పళ్లేల మీద ఉండే పూత జాతిదే. గాజు పొడిని ఇనుము మీద చల్లి కొలిమిలో కరిగించి అతికిస్తారు. తళతళలాడే ఆ నలుపుకి సాటి లేదు, కానీ ఒక్క స్పానర్ జారి తగిలినా చెక్కులు లేస్తుంది, లేచిన చోట రంగుతో అతుకు వేస్తే తెలిసిపోతుంది. ఎనామెల్ మానిఫోల్డ్ ఉన్న బండి మీ చేతికొస్తే దాన్ని బ్లాస్టింగ్‌కి పంపకండి.

నికెల్, క్రోమ్ పూత ప్రదర్శనల బండ్లకే. బుల్లెట్ బెండ్ పైపు నీలం తిరగడం అందరూ చూసిందే, మానిఫోల్డ్ మీద అది ఇంకా వేగంగా జరుగుతుంది. గాల్వనైజింగ్ అసలు వద్దు. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది, దాని పొగ ఆరోగ్యానికి హాని. పౌడర్ కోటింగ్ మామూలు రకమైతే మానిఫోల్డ్ మీద నిలవదు.

విప్పడం

ముందు రోజు సాయంత్రమే స్టడ్ల (మానిఫోల్డ్‌ని ఇంజిన్ హెడ్‌కి పట్టి ఉంచే మర కడ్డీలు) మీద పెనెట్రేటింగ్ ఆయిల్ (బిగుసుకున్న మరల్లోకి ఇంకే నూనె) కొట్టి వదిలేయండి. పొద్దున ఇంకోసారి కొట్టి, నట్టును కొద్దిగా బిగించి, ఆ తర్వాత వదులు చేయండి. బలవంతం చేస్తే స్టడ్ తెగుతుంది, తెగిన స్టడ్‌ని హెడ్ నుంచి తీయడం రంగు పని కంటే పెద్ద పని. అంబాసిడర్ ఇంజిన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లు రెండూ ఒకే వైపు ఉంటాయి, పైన కార్బురేటర్. పెట్రోల్ పైపు ఊడదీసి, మూతి మూసి, బ్యాటరీ తీగ తీశాకే మొదలుపెట్టండి.

మానిఫోల్డ్‌కీ హెడ్‌కీ మధ్య పొగ కారకుండా ఉండే పాత గ్యాస్‌కెట్‌ని పొడిగా గీకొద్దు. పాతకాలపు గ్యాస్‌కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. నీళ్లు చల్లి తడిగా గీకి, ఆ చెత్తను కవర్లో కట్టేయండి.

విప్పాక మానిఫోల్డ్‌ని వెలుతురులో తిప్పి చూడండి. రెండు పైపులు కలిసే మూలల్లో వెంట్రుకంత చీలిక ఉన్నా ఇప్పుడే బయటపడాలి. గ్యాస్‌కెట్ ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూరుతుందేమో చూడండి. వంకర ఉంటే లేత్ షాపులో ముఖం చదును చేయించాలి. లీకేజీ ఉన్న మానిఫోల్డ్‌కి ఎంత మంచి రంగు వేసినా పొగ బయటికి చిమ్మే చోట నల్లగా మచ్చ పడుతుంది.

నూనె, తుప్పు వదిలించడం

అసలు పని ఇక్కడే ఉంది. పోత ఇనుముకి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. ఏళ్ల తరబడి వాల్వ్ కవర్ నుంచి కారిన ఆయిల్ అందులో ఇంకి ఉంటుంది. పైన తిన్నర్‌తో తుడిస్తే గుడ్డ తెల్లగానే వస్తుంది, చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. మొదటిసారి వేడెక్కగానే ఆ నూనె చెమటలా పైకి ఉబికి రంగును కింది నుంచి ఎత్తేస్తుంది.

అందుకే వరుస ఇలా పెట్టుకోండి. డీజిల్‌తో లేదా డీగ్రీజర్‌తో జిడ్డంతా కడిగి, డిటర్జెంట్ నీళ్లతో బ్రష్ పెట్టి రుద్ది, ఆరబెట్టండి. తర్వాత 150 నుంచి 200 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచండి. పౌడర్ కోటింగ్ షెడ్డువాళ్లని అడిగితే వాళ్ల ఓవెన్‌లో పెట్టి ఇస్తారు. బయటికి తీశాక తడిగా, నల్లగా మచ్చలు కనిపిస్తే అదే ఊరిన నూనె. చల్లారాక తిన్నర్‌తో తుడిచి మళ్లీ పెట్టించండి. మచ్చలు రాకుండా బయటికి వచ్చేదాకా ఇదే పని. వంట ఓవెన్ మాత్రం ముట్టుకోవద్దు, ఆ వాసన, ఆ విషం మళ్లీ తిండిలోకి వస్తాయి.

నూనె పోయాకే బ్లాస్టింగ్. ముందే బ్లాస్టింగ్ చేయిస్తే నూనె ఇంకా లోపలికి దిగుతుంది. బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల బ్లాస్టింగ్ షెడ్లు దొరుకుతాయి. అల్యూమినియం ఆక్సైడ్ గ్రిట్, 80 నుంచి 120 మధ్య నంబరు అడగండి. ఏటి ఇసుకతో చేస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ ధూళి పీల్చే కుర్రాళ్లకు సిలికోసిస్ వస్తుంది, అది నయం కాని ఊపిరితిత్తుల జబ్బు. గ్యాస్‌కెట్ ముఖాలకు, స్టడ్ మరలకు మందపాటి టేపు వేయించి, పోర్టుల నోళ్లు బిగించి పంపండి. లోపల గ్రిట్ మిగిలి టర్బోలోకో, సెన్సర్ మీదికో పోతే అసలుకే మోసం.

బ్లాస్టింగ్ చేయించే వీల్లేకపోతే డ్రిల్లుకి బిగించే వైర్ కప్, ఆపైన 80 నంబరు ఎమరీ. మూలల్లో చేత్తో రుద్దాల్సిందే. వైర్ బ్రష్‌తో ఇనుము మెరుస్తుంది, కానీ ఆ మెరుపు నునుపు. రంగుకి పట్టు కావాలంటే ఎమరీ గరుకు తప్పదు. తుప్పును మార్చే ద్రావకాలు, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, బాడీ పుట్టీ ఇవేవీ కింద వేయకండి, వేడికి కాలిపోయి పైనున్న రంగును వెంటపెట్టుకుపోతాయి. గుంటలుంటే గుంటలతోనే వదిలేయండి. పోత ఇనుముకి గరుకుతనమే అందం.

బ్లాస్టింగ్ అయిన ఇనుముని వట్టి చేత్తో తాకకండి, వేలి ముద్రలోని చెమట కూడా మచ్చే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఉదయం తెల్లగా తెచ్చిన ముక్క సాయంత్రానికే ఎర్రబడుతుంది. షెడ్డు నుంచి తెచ్చిన పూటే రంగు పడేలా ఏర్పాటు చేసుకోండి. వేసే ముందు ఎసిటోన్‌తో ఒకసారి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడొద్దు, దాని తడి మిగిలిపోయి వేడెక్కితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు.

రంగు వేయడం

ఎండ నేరుగా పడని, గాలి ఆడే చోట ఇనుప తీగతో వేలాడదీయండి. వాన ముసురు రోజుల్లో వద్దు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకోండి, గుడ్డ మాస్క్ ఇక్కడ ఎందుకూ పనికిరాదు. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న మానిఫోల్డ్ అయితే సెన్సర్ తీసేసి, రంధ్రం మూయండి. సిలికాన్ ఆ సెన్సర్‌కి విషం. పైపు లోపలికి రంగు కొట్టకపోవడానికీ అదే కారణం.

డబ్బాలో గోళీ కదలడం మొదలైన తర్వాత ఇంకో రెండు నిమిషాలు ఊపండి. అల్యూమినియం రంగు అడుగున ముద్దలా కూర్చుని ఉంటుంది. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి ముందు అడుగు భాగం, పైపుల మధ్య సందులు కొట్టండి. పైభాగం చివర్లో. మొదటి కోటు మంచు పట్టినట్టు ఉండాలి, కింది ఇనుము ఇంకా కనపడుతుంటే మంచిదే. పది నిమిషాలాగి రెండోది, మళ్లీ పది నిమిషాలకు మూడోది కాస్త తడిగా. మొత్తం మందం 40, 50 మైక్రాన్లు దాటకూడదు. ఇంకో కోటు కొడితే ఇంకా గట్టిగా ఉంటుందనుకోవడం ఇక్కడ తలకిందులు. మందమైన పొర లోపల తిన్నర్ చిక్కుకుని, కాల్చేటప్పుడు పొక్కులుగా లేస్తుంది. గ్యాస్‌కెట్ ముఖాల మీద రంగు పడితే అప్పుడే తుడిచేయండి.

కాల్చడం

ఒక రోజంతా ఆరాక, మెట్లు మెట్లుగా వేడి చేయాలి. వీహెచ్‌టీ ఫ్లేమ్‌ప్రూఫ్ రంగుకి తయారీదారు చెప్పే వరుస ఇది: సుమారు 120 డిగ్రీల్లో అరగంట, అరగంట చల్లార్చాలి. 200 డిగ్రీల్లో అరగంట, మళ్లీ చల్లార్చాలి. 315 డిగ్రీల్లో అరగంట. వేరే కంపెనీ అంకెలు కొద్దిగా తేడాగా ఉంటాయి, మీ డబ్బా మీద ఉన్నదే పాటించండి.

మనకొచ్చే చిక్కేమిటంటే పౌడర్ కోటింగ్ ఓవెన్లు మామూలుగా 200 డిగ్రీల చుట్టూ పనిచేస్తాయి. కాబట్టి మొదటి రెండు మెట్లు అక్కడ పూర్తి చేయించి, మూడోది బండి మీదే కానివ్వండి. కొత్త గ్యాస్‌కెట్ వేసి, స్టడ్లకు రాగి కలిసిన యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా ఆపే ముద్ద) రాసి, నట్లను మధ్యలోంచి రెండు పక్కలకు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌తో బిగించండి. ఇంజిన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపేయండి, ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. తర్వాత ఇరవై నిమిషాలు, మళ్లీ చల్లార్చడం. మూడోసారి అరగంట. ఓవెన్ దొరకని వాళ్లు మూడు మెట్లూ ఇలాగే చేయొచ్చు. ఐడిల్‌లో మానిఫోల్డ్ అన్ని చోట్లా సమానంగా కాలదు, అది దీని లోపం. ఆపైన మొదటి డ్రైవ్ నిదానంగా వెళ్లండి.

పొగ వస్తుంది, ఘాటు వాసన వస్తుంది. రెసిన్‌లో కాలాల్సిన భాగం కాలుతోందన్న మాట. బండిని షెడ్డులో కాకుండా ఆరుబయట పెట్టి, పొగ మీ మీదికి రాకుండా, గాలి వచ్చే వైపు నిలబడండి. ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉంచుకోండి. ఈ దశలో రంగు ఒకసారి మెత్తబడి తర్వాత గట్టిపడుతుంది, మధ్యలో వేలితో తాకి చూసే సరదా మానుకోండి. ఇంజిన్ కొత్తగా ఓవర్‌హాల్ చేయించి ఉంటే ముందు తుప్పు పట్టిన పాత మానిఫోల్డ్‌తోనే ట్యూనింగ్ అంతా పూర్తి చేసి, ఆ తర్వాతే కొత్త పూత ముక్క బిగించండి.

స్టెయిన్‌లెస్ హెడర్లయితే

రంగు వేయాల్సిన పని లేదు, వేడే రంగు వేస్తుంది. 304 రకం స్టెయిన్‌లెస్ 290 డిగ్రీల దగ్గర లేత పసుపు, 340కి గడ్డి రంగు, 390కి గోధుమ, 450కి ముదురు ఊదా, 540కి నీలం, 600కి ముదురు నీలం తిరుగుతుంది. పైన ఏర్పడే ఆక్సైడ్ పొర మందం మారేకొద్దీ వెలుతురు వేరేలా తిరిగి రావడం వల్ల వచ్చే రంగులివి. బిగించాక, స్టార్ట్ చేసే ముందు ఎసిటోన్‌తో పైపులన్నీ తుడవండి. వేలి ముద్ర ఉంటే ఆ ముద్ర గీతలతో సహా లోహం మీద కాలిపోతుంది, తర్వాత పాలిష్ చేస్తే గానీ పోదు. మైల్డ్ స్టీల్ హెడర్ల మీద ఎగ్జాస్ట్ ర్యాప్ (వేడిని ఆపే గుడ్డ పట్టీ) చుట్టడం చూడ్డానికి రేసు బండిలా ఉంటుంది గానీ వానాకాలం తేమను పట్టి ఉంచి కింద పైపును తినేస్తుంది.

తేడా వస్తే

పొక్కులు లేచాయంటే మందంగా వేశారు, లేదా కాల్చడంలో తొందరపడ్డారు. పెద్ద పెద్ద పెచ్చులుగా ఊడి, వెనకవైపు జిడ్డుగా ఉంటే నూనె మిగిలింది. పెచ్చు వెనక ఎర్ర పొడి ఉంటే తుప్పు మీద వేశారు. పోర్టు దగ్గర మాత్రమే తెల్లబారి సుద్దలా చేతికంటుతుంటే ఆ చోటి వేడి రంగు హద్దు దాటింది, అక్కడ అల్యూమినియం రకం గానీ సిరామిక్ గానీ వేయాలి. అక్కడక్కడా సూది మొనంత ఎర్ర చుక్కలు మాత్రమే వస్తే ముక్క విప్పక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు ఎమరీతో రుద్ది, తుడిచి, చిన్న బ్రష్‌తో అదే రంగు అద్ది, పది, ఇరవై, ముప్పై నిమిషాల వరుస మళ్లీ నడిపిస్తే చాలు.

సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు ఇంజిన్ చల్లారకుండా ప్రెజర్ వాటర్ కొట్టొద్దని కుర్రాళ్లకు గట్టిగా చెప్పండి. కాలుతున్న పోత ఇనుము మీద చల్లటి నీళ్లు పడితే రంగు సంగతి అటుంచి మానిఫోల్డే చీలిపోవచ్చు.